సోమలింగం సార్ ఆమెన్ అనడు

సోమలింగం సార్ నిరూపణ లేనిదే ఆమెన్ అనడు. సూరత్ శివారు భేస్తాన్‌లో మా తెలుగువాళ్ల ప్రార్థన మందిరానికి వచ్చే జనం, పాస్టర్‌గారు ఊపిరి తీసుకోవడానికి ఆగినా ఆమెన్ అంటారు. తుమ్మినా అంటారు. ఈయన మాత్రం రెండో వరసలో చేతులు కట్టుకుని, పరీక్ష పేపర్లు దిద్దే ముఖం పెట్టుకుని కూర్చునేవాడు. అందరి ఆమెన్లూ చల్లారాక ఒక్క చెయ్యి మెల్లగా పైకి లేచేది.

"ఎట్ల?"

ఆ ఒక్క మాటకు పాస్టర్‌గారి మెడ నరాలు ఉబ్బేవి.

ఇదంతా నేను డోలక్ వెనక నుంచి చూశాను. నా పేరు కమలాకర్. వారమంతా పవర్‌లూమ్ కార్ఖానాలో పని. నేను క్రైస్తవుణ్ణి కాను. నవరాత్రులకు గణపతి దగ్గర వాయిస్తాను, ఆదివారం ఏసు దగ్గర వాయిస్తాను. ఇద్దరూ ఇంతవరకు అభ్యంతరం చెప్పలేదు. మందిరమంటే చీరలు మడతపెట్టే గోదాం మీద ఒక రేకుల షెడ్డు. బోర్డు మీద జీవజలం అని రాసి ఉంటుంది. కుళాయిలో మామూలు నీళ్లు కూడా రావు.

సోమలింగం సార్‌ది జగిత్యాల దిక్కు. సూరత్ బడిలో తెలుగు పిల్లలకు లెక్కలు చెప్పి ముసలివాడయ్యాడు. ఆయన రిటైరైన ఏడాదే అక్కడ తెలుగు క్లాసులు మూసేశారు. "నాతోటి నా భాషను గూడ రిటైర్ చేసిన్రు. దానికి పూలదండ గూడ ఎయ్యలే" అనేవాడు.

బాప్తిస్మం తీసుకున్నప్పుడు పేరు మార్చుకోమన్నారట. సోమలింగం అన్న పేరుతో పరలోకంలోకి ఎట్లా వెళ్తావని అడిగారట. "ఎక్స్‌కు వై అని పేరు పెడితే విలువ మారుతదా? దేవునికి గింత ఆల్జీబ్రా గూడ రాదా?" అని ఈయన సోమలింగంగానే నీళ్లలో మునిగి, సోమలింగంగానే తేలాడు. పాస్టర్‌గారు అట్లా కాదు. ఒకప్పుడు ఆయన వట్టి ఉమాకాంత్. తర్వాత స్టీఫెన్ ఉమాకాంత్ అయ్యారు. ఆ తర్వాత పేరు ముందు డాక్టర్ అని కూడా చేరింది. దేనికి డాక్టరో మాలో ఎవరికీ తెలియదు.

ఒక ఆదివారం పాస్టర్‌గారు త్రిత్వం గురించి ఉత్సాహంగా చెబుతున్నారు. "తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ. ముగ్గురు కలిసి ఒక్క దేవుడెలా అవుతాడని లోకం నవ్వుతుంది. సహోదరులారా, కూడితే మూడు. గుణించండి! ఒకటి ఇంటూ ఒకటి ఇంటూ ఒకటి, ఎంత? ఒకటే!"

ఆమెన్‌తో రేకులు అదిరాయి. చెయ్యి లేచింది.

"ఎట్ల? ఒకటిని వెయ్యిసార్లు గుణించినా ఒకటే గద. మరి ముగ్గురి కాడనే ఎందుకు ఆగిన్రు?"

"సోమలింగంగారూ, మీరు త్రిత్వాన్ని నమ్మరా?"

"త్రిత్వాన్ని నమ్ముత. మీ గుణకారాన్ని నమ్మ."

జనం నవ్వారు. పాస్టర్‌గారు నాకు సైగ చేశారు. సమాధానం దొరకనప్పుడల్లా మా మందిరంలో పాట మొదలయ్యేది. సోమలింగం సార్ వచ్చిన ఆదివారాల్లో నా అరచేతులు బొబ్బలెక్కేవి.

"ఇంత అనుమానమున్నోడివి అసలు ఎందుకు నమ్మినవు సార్?" అని ఒకసారి చాయ్ బండి దగ్గర అడిగాను.

"గొర్రెల లెక్క చూసి" అన్నాడు. "ఏసు చెప్పిన కథల కాపరికి నూరు గొర్రెలు. ఒకటి తప్పిపోయింది. తొంభైతొమ్మిదింటిని అడవిల ఇడిశిపెట్టి, గా ఒక్కదాని కోసం పోయిండు. నా క్లాసుల పోరడు గిట్ల చేస్తే సున్నా ఏస్త. రోజంతా ఆలోచించిన. తప్పిపోయిన గొర్రె దిక్కు నుంచి చూస్తే లెక్క కరెక్టే ఉన్నది. గా దిక్కు నుంచి లెక్క జేసినాయన ఒక్కడే కనబడ్డడు నాకు. అందుకే నమ్మిన."

చాయ్ చల్లారిపోయింది. ఆయన దాన్ని అలాగే తాగి, చక్కెర ఎక్కువైందని బండివాడితో కొట్లాడాడు.

ఇక సాంబయ్య సంగతి. సాంబయ్య మా కార్ఖానాలోనే మగ్గం నడిపే కారిగర్. దగ్గి దగ్గి చివరికి టీబీ అని తేలింది. సర్కారు దవాఖాన గోలీలు ఇచ్చింది. భార్య ఎల్లవ్వ కింద గోదాంలో చీరలు మడతపెడుతుంది. ఆమె ఎదురుగా కూర్చుని గోలీలు మింగించేది. మనిషి తేరుకున్నాడు, ముఖానికి కాస్త రంగు వచ్చింది. సరిగ్గా అప్పుడే పాస్టర్‌గారు అతన్ని వేదిక మీదికి పిలిచి, నెత్తిన నూనె రాసి, స్వస్థత ప్రకటించారు.

"ఇక మీదట మందు బిళ్ల మింగితే దేవుణ్ణి అనుమానించినట్టే!"

ఆమెన్. చెయ్యి లేచింది.

"ఎట్ల పాస్టర్‌గారూ? మీరు కండ్లద్దాలు పెట్టుకుని వాక్యం చదువుతరు. గది అనుమానం కాదా?"

పాస్టర్‌గారు పౌరుషానికి పోయి అద్దాలు తీసి చదివారు. ఆ పూట వంశావళిలో తాతను మనవడికి కొడుకును చేశారు. అయినా గెలిచింది ఆయనే. సాంబయ్య ఇంటికి పోతూ గోలీలు ఖాడీ కాలువలో విసిరేశాడు. ఎల్లవ్వ ఏడ్చింది. సోమలింగం సార్ వాళ్ల ఇంటి చుట్టూ తిరిగాడు, బతిమాలాడు, తిట్టాడు.

"సారూ, మీరు దేవుని మీద గూడ స్కేలు పెడతరు" అని నవ్వాడు సాంబయ్య.

"పెడత. ముందు గోలీ మింగు, తర్వాత నవ్వు."

మింగలేదు. దగ్గు తిరిగి వచ్చినా దవాఖానకు పోలేదు. పోతే, వేదిక మీద స్వస్థత పొందానన్న సాక్ష్యం అబద్ధమవుతుందని భయం. హోలీ రాకముందే పోయాడు.

మట్టి చేసిన తర్వాతి ఆదివారం ఎల్లవ్వ మందిరానికి వచ్చి చిట్టచివర గోడకు ఆనుకుని కూర్చుంది. పాస్టర్‌గారు ఆమె వైపు చూడకుండానే మాట్లాడారు.

"విశ్వాసంతో చేసిన ప్రతి ప్రార్థననూ దేవుడు నెరవేరుస్తాడు. ప్రతి ప్రార్థననూ! నెరవేరలేదంటే, ఆ ఇంట్లో ఎవరి విశ్వాసం కొరవడిందో ఆ ఇంటివారే పరీక్షించుకోవాలి."

తలలన్నీ ఎల్లవ్వ వైపు తిరిగాయి. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. అయినా ఆమెన్ అన్నారు. కాస్త నెమ్మదిగా అన్నారు, అంతే.

సోమలింగం సార్ ఈసారి చెయ్యి ఎత్తలేదు. లేచి నిలబడ్డాడు.

"ప్రతి అన్నరు గద. ప్రతి అన్నంక, తప్పని చూపెట్టెతందుకు ఒక్క ప్రత్యుదాహరణ చాలు. చూపెట్టాల్నా?"

"కూర్చోండి!"

"సిలువ ఎక్కకముందు తోటల మోకాళ్ల మీద పడి, తండ్రీ ఈ బాధ తప్పియ్యమని బతిలాడినాయన ఎవరు?"

ఒకరిద్దరు బైబిల్లో ఆ పేజీ వెతికారు. 

"తప్పిందా? తప్పలే. మరి ఆయనకు విశ్వాసం తక్కువైందా పాస్టర్‌గారూ? చెప్పుండ్రి. ఆయనకు తక్కువైందంటే, ఎల్లవ్వకు గూడ తక్కువైందని నేను ఒప్పుకుంట."

పాస్టర్‌గారు వేలు చూపించారు. సాతాను లెక్కలు నేర్చుకుని వచ్చాడన్నారు. ఇటువంటివాడు సంఘంలో ఉండకూడదన్నారు. దానికీ ఎవరో ఆమెన్ అన్నారు. ఇద్దరు యువకులు సార్‌ను చెరో రెక్క పట్టుకుని మెట్లు దించారు. ఇద్దరూ ఆయన దగ్గర ఎక్కాలు నేర్చుకున్నవాళ్లే. కింద గోదాం కాపలావాడు బిత్తరపోయి, "షు థయు మాస్టర్?" అని గుజరాతీలో ఏమైందని అడిగాడు.

"కుఛ్ నహీ భాయ్" అన్నాడు సార్, చొక్కా సర్దుకుంటూ. "హిసాబ్ మే గడ్‌బడ్."

సాయంత్రం ఆయన ఇంటికి వెళ్లాను. ఒంటరిగా కుమిలిపోతుంటాడని, డోలక్ కూడా పట్టుకుపోయాను. చూస్తే గుమ్మం ముందు కాలు పెట్టే సందు లేకుండా ఆడవాళ్ల చెప్పులు. లోపల, మందిరంలో చివరి వరసల్లో కూర్చునే ఆడవాళ్లంతా ఉన్నారు. మధ్యలో ఎల్లవ్వ. సార్ భార్య స్వరాజ్యమక్క పొయ్యి దగ్గర రొట్టెలు కాలుస్తోంది.

"జర ఊకుంటే అయిపోతుండె గద సార్" అన్నాను. "ఎవ్వలకు లేని అనుమానాలు నీకొక్కనికే ఎందుకొస్తయి?"

స్వరాజ్యమక్క చేతిలో పిండి ముద్దతోనే ఇటు తిరిగింది. "అనుమానాలు ఈయనయి అనుకున్నవా కమలాకర్? ఈయనకు అంత తెలివి ఎక్కడిది?"

ఆడవాళ్లు ముఖాలు చూసుకుని కొంగుల చాటున నవ్వారు.

అప్పుడు తెలిసింది. మందిరంలో ఆడవాళ్లు నోరు విప్పితే మౌనంగా ఉండాలని గద్దిస్తారు. అందుకని శనివారం కూరగాయల మార్కెట్లో స్వరాజ్యమక్క సంచి పక్కన తమ సందేహాలు దించుకునేవాళ్లు. ముగ్గురి దగ్గరే ఎందుకు ఆగారని అడిగింది వాళ్లలో మంగ. పాస్టర్‌గారు ముందునుంచే గోలీలు మానమంటున్నారని, మానకపోతే పాపమా అని అడిగింది ఎల్లవ్వ. సందేహం వాళ్లది, లెక్క ఈయనది, నవ్వులపాలు కావడమూ ఈయనదే.

"మరి వాళ్లడిగిన్రని చెప్తే అయిపోతుండె గద సార్?"

"చెప్తే వాళ్లను నవ్వుతరు" అన్నాడు. "నన్ను నవ్వితే ఏం పోతది? బ్లాక్‌బోర్డు దిక్కు తిరిగి బతికినోన్ని, ఎనక నవ్వుడు నాకు అలవాటే."

ఎల్లవ్వ ముందు పళ్లెం ఉంది. రొట్టె ముక్క తుంచి అలాగే పట్టుకుని ఉంది. సాంబయ్య పోయినప్పటి నుంచి ఆమె సరిగ్గా తినడం లేదని స్వరాజ్యమక్క నా చెవిలో చెప్పింది.

"సారూ" అంది ఎల్లవ్వ. "ఒక్కటడుగుత. మా సాంబయ్య మల్ల కనబడతడా? పైన?"

 ఈ మనిషి లెక్కల క్లాసులోలాగా స్వీకృతమనీ సిద్ధాంతమనీ మొదలుపెడితే ఈ ఆడమనిషి ఏమైపోతుంది?

సోమలింగం సార్ అద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"కనబడతడు" అన్నాడు.

నేను నోరు తెరిచాను.

"ఎట్ల అని అడిగినవనుకో, డోలక్ పలుగుతది" అన్నాడు నా వైపు చూడకుండానే.

"పక్కానా సారూ?"

"పక్కా."

ఎల్లవ్వ కొంగుతో ముక్కు తుడుచుకుంది. తుంచిన ముక్క నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలింది.

"అయితే కనబడనీ. మంచిగ తిడత. నేను మొత్తుకున్నా ఇనకుండ నన్ను ఇడిశిపెట్టి పోయినోన్ని ఊకెనే వదులుతనా? దేవదూతలు అడ్డమొస్తే, వాళ్లను గూడ జర పక్కకు జరుగుమంట."

ఇల్లంతా గొల్లున నవ్వింది. ఎల్లవ్వ మాత్రం నవ్వలేదు. పళ్లెం ముందుకు జరిపింది.

"స్వరాజ్యమక్కా, ఇంకో రొట్టె ఎయ్యి. అంత మంది ముంగట తిట్టాల్నంటే బలం గావాలె."