ఐర్లాండు ముసలమ్మకు నేను వెతికిపెట్టిన ముత్తాత

బి.ఏ. పాసైనవాడికి ఇంగ్లీషు మొత్తం వచ్చేసినట్టేనని మా విజయనగరం జనం మనస్ఫూర్తిగా నమ్మిన కాలం ఒకటి ఉండేది. అరవైల చివర్లో నేను ఆ నమ్మకం మీదే బతికాను. ఉద్యోగం లేదు గనక బతకడానికి వేరే ఆధారమూ లేదు. మందుసీసా మీది కాగితం నుంచి కోర్టు నోటీసు దాకా అన్నీ నా దగ్గరికే వచ్చేవి. నేను కళ్ళు చిట్లించి, గొంతు సవరించుకుని, అర్థమైన రెండు మాటలకు సొంతంగా పది మాటలు చేర్చి వివరించేవాణ్ణి. (ఆ మందులు తాగి ఎవరికీ ఏమీ కాలేదు. అందులో నా ప్రతిభ లేదు, మందుల్లో పస లేదు.) ఊరవతల నాలుగు మడిచెక్కలు సాగు చేసుకునే మా నాన్న ఒక్కడే నా పాండిత్యాన్ని లెక్కచేసేవాడు కాదు. "ఏట్రా, పొద్దున్నించీ ఆ గోడకి జేరబడిపోయున్నావు, నువ్వు లెగిస్తే అది పడిపోతాదనేటి?" అని అడిగేవాడు.

రోజూ ఇంటర్వ్యూ కాగితం కోసం గుమ్మంలో కాపలా కాసే నన్ను చూసి జాలిపడే పోస్టుమేను, ఒకనాడు విదేశీ స్టాంపులున్న కవరు తెచ్చాడు. దాని మీద 'పాత సమాధుల సంరక్షకుడు, విజయనగరం కంటోన్మెంటు, మద్రాసు రాజధాని' అని ఉంది. మేము మద్రాసు నుంచి విడిపోయి చాలా ఏళ్ళయిన సంగతి అక్కడిదాకా పాకినట్టు లేదు. "ఊరంతా తిరిగినాను బాబూ. ఈ ఉద్దోగం సేసీవోడు ఎవుడూ లేడు. నీకా, ఏ ఉద్దోగవూ లేదు. కాబట్టి ఇది నీదే అయ్యుంతాది" అని నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. అంత తిరుగులేని వాదం విన్నాక కవరు చింపాను.

రాసింది ఐర్లాండు నుంచి ఒక ముసలమ్మ. పెళ్ళి చేసుకోలేదు, బళ్ళో పాఠాలు చెప్పి రిటైరయింది. ఆవిడ ముత్తాత పాట్రిక్ అనే ఆయన కుంఫిణీ పటాలంలో సిపాయిగా చేరి మా ఊరొచ్చి ఇక్కడే పోయాడట. వాళ్ళ దేశంలో పుట్టుకలూ చావులూ సర్కారు రాయడం మొదలెట్టి వందేళ్ళే అయిందట. అంతకుముందు సంగతులు కావాలంటే చర్చి పుస్తకాల్లో ఫాదరీలు రాసుకున్నదే దిక్కు. వాటిలో కొన్ని తడిసి చీకిపోయాయి, కొన్ని రాజధానిలో యుద్ధమప్పుడు తగలబడిపోయాయి. ఏ ఊరివాడో తెలిస్తే ఆ ఊరి పుస్తకం ఇంకా మిగిలిందేమో చూడొచ్చు. 'మా వంశంలో నేనే ఆఖరిదాన్ని. మీ దగ్గర రాతి మీదైనా ఆయన పేరు మిగిలిందా?' అని అడిగింది.

ఆ ఆఖరి వాక్యానికి నా గుండె కరిగిందని రాసుకుంటే బాగానే ఉంటుంది. నిజానికి నాకు తోచింది ఒకటే: దొరసాని చేత మంచి సిఫారసు ఉత్తరం రాయించుకోవచ్చు. ఇంకా కాలు బయట పెట్టకముందే వీధంతా చెప్పేశాను, ఐర్లాండువాళ్ళు నాకో పరిశోధన అప్పగించారని.

దొరల శ్మశానంలో మూడు రోజులు ముళ్ళకంపలతో పోరాడాను. నాలుగోనాడు అక్కడికి గడ్డి కోతకొచ్చిన ఒక పెద్దమ్మ నన్ను చాలాసేపు చూసి, "రాతలున్న రాయి కావాలేటి బాబూ? మా నూతికాడున్నాది, రా" అంది. వాళ్ళ మావగారు పొలం దున్నుతుంటే దొరికిందట. (సిపాయి సమాధి శ్మశానంలో కాకుండా పొలంలో ఎందుకుందన్న ప్రశ్న, చదువుకోనివాడికైతే తప్పకుండా తోచేది.) ఆవిడ రోజూ దాని మీదే బట్టలు ఉతుకుతుందట. బొగ్గుపొడి రుద్ది చదివాను. 'ఇక్కడ విశ్రమిస్తున్నది పాట్రిక్. పదకొండేళ్ళు పటాలానికి సేవ చేశాడు. తాను గాయపడి కూడా కెప్టెన్‌ను వీపున మోసి యుద్ధరంగం దాటించాడు. ఒక్కనాడూ ఎదురు తిరగలేదు. పుట్టిన చోటు' అన్నదగ్గర రాయి విరిగిపోయింది.

"రెండో ముక్కేదమ్మా?"

"మా ఆయనా, మా మరిదీ వాటాలేసుకున్నప్పుడు ఇదీ పంచీసుకున్నారు. ఆ ముక్క మా తోటికోడలి నూతికాడున్నాది. ఆ దడి అవతలే. ఆల్లకీ మాకూ మాటల్లేవు. నువ్వెల్తే ఎల్లు, నా పేరు మాత్రం సెప్పకు."

దడి దగ్గరికి వెళ్ళాను. అవతల ఒక కుక్క ఉంది. చరిత్రకారులకు కావలసిన లక్షణాల్లో ధైర్యం గురించి ఎవరూ చెప్పగా వినలేదు గనక వెనక్కి వచ్చేశాను.

ఉత్తరం రాయడానికి రెండు రోజులు పట్టింది. మహావీరుడన్నాను. పటాలమంతా కన్నీరు కార్చిందన్నాను. స్థానికులు ఈనాటికీ ఆ శిలను ప్రతి ఉదయం జలంతో అభిషేకిస్తున్నారని కూడా రాశాను. (బట్టలు ఉతకడాన్ని ఇంగ్లీషులో అంతకంటే పవిత్రంగా చెప్పడం నా వల్ల కాలేదు.)

జవాబు చాలా రోజులకు వచ్చింది. నా ఉత్తరాన్ని ఆదివారంనాడు వాళ్ళ ఫాదరీ చర్చిలో పైకి చదివాడట. ఊరంతా మోకరిల్లి పాట్రిక్ ఆత్మకు ప్రార్థన చేసిందట. ఎన్నో ఏళ్ళుగా పలకరించని దూరపు బంధువొకాయన వచ్చి, ఆవిడ చెయ్యి పట్టుకుని ఏడ్చాడట. 'ఆ పుట్టిన ఊరి పేరు ఒక్కటీ చూసి రాయి నాయనా' అంది. ఆ కవరు మాత్రం వీధిలో ఎవరికీ చూపించలేదు.

ఈసారి వీధివైపు నుంచి మర్యాదగా వెళ్ళాను. తోటికోడలు నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది. "ముందు ఆల్ల ముక్క సూసీసి, ఇన్నాల్లకి మా ముక్క గేపకం వొచ్చినాదేటి?" అంటూనే రాయి మీద రెండు చేదల నీళ్ళు పోసింది. చదివాను. పుట్టిన చోటు అరేబియా. సరే, సిపాయిల పెళ్ళాలు ఎక్కడెక్కడో కంటారు అనుకున్నాను. తరువాతి పంక్తి: నాలుగు కాళ్ళూ తెలుపు. దొరలన్నాక తెల్లగానే ఉంటారు కదా అని దాటిపోబోయి, నాలుగు దగ్గర ఆగిపోయాను. కింద పంక్తి ఇక ఏ అనుమానమూ మిగల్చలేదు: 'పటాలంలో ఇంత మంచి గుర్రం మరొకటి లేదు.'

నేను అక్కడే చతికిలబడ్డాను.

"ఏటి బాబూ, మీ సుట్టపోలా?"

"గుర్రం అమ్మా."

"గుర్రవా!" అని ఆవిడ నోటిమీద చెయ్యి వేసుకుని, మరుక్షణం దడివైపు తిరిగి గొంతెత్తింది. "ఓలప్పా! ఇన్నావేటే? మనం ఇన్నాల్లూ గుర్రం మీద బట్టలుతుకుతన్నామంటే!" అవతల పెద్దమ్మ పని వదిలేసి దడి దగ్గరికి వచ్చింది. "నీ ముక్క తలా, తోకా?" అని అడిగింది. ఇద్దరూ దడికి అటూ ఇటూ నిలబడి కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వారు. నేను లేచి వచ్చేసినా వాళ్ళకు తెలియలేదు.

ఇంటికొచ్చి నాన్నకు చెప్పాను, ఐర్లాండుకు ఏమీ రాయకుండా ఊరుకుంటానని కూడా చెప్పాను. ముందు ఆయన కండువాలో మొహం దాచుకుని నవ్వాడు. తరువాత, "రాసీరా. ముసిల్ది గుర్రానికి దండవెట్టుకుంటా సచ్చిపోతాది, పాపం" అన్నాడు. తొమ్మిది రోజులు ఆలోచించి, నిజం రాశాను. నా జీవితంలో విశేషణాలు లేని మొదటి ఇంగ్లీషు ఉత్తరం అది.

ఆవిడ జవాబు చాలా చిన్నది. నవ్వుతుంటే టీ ఒలికి నా ఉత్తరం మీద పడిందట. చేసిన ప్రార్థన వెనక్కి తీసుకోవడానికి చర్చిలో పద్ధతి లేదట, ఆ గుర్రం అందుకు తగినదే కాబట్టి దాని దగ్గరే ఉండనిమ్మని ఫాదరీ అన్నాడట. ఆ బంధువు మాత్రం ఇంకా వచ్చిపోతూనే ఉన్నాడట. చివర, 'నువ్వు నాకోసం ఎండలో తిరిగావు. మీ ముత్తాత పేరు రాయి, నా ప్రార్థనలో ఆయన్నీ తలుచుకుంటాను' అని ఉంది.

నాన్ననడిగాను. "మా తాతని తాతా అనే పిలిసినాం. పేరుతో మాకేటి పని?" అన్నాడు విసుగ్గా. పట్టా కాగితాలు తీసి చూస్తే అవి మా తాత పేరుతోనే మొదలయ్యాయి, భూమి ఆ తరంలోనే వచ్చింది మరి. మూడోనాడు ఆయన చెప్పులు వేసుకుని బస్సెక్కి నరసన్నపేటలో ఉన్న తన అక్క దగ్గరికి వెళ్ళాడు. సాయంత్రం తిరిగొచ్చి, అరుగు మీద కూర్చుని, "అప్పకీ తెలవదట. ఊరంతా పెద్దయ్యా అనీవోరట. వొంకాయ ముట్టీవోడు కాదట. దారంట ఎల్లీవోల్లందర్నీ కూడు తిన్నారా అని అడిగీవోడట. అంతే" అన్నాడు. ఆ సాయంత్రం నా గోడ గురించి ఏమీ అనలేదు.

అదే రాశాను. పేరు తెలియదు, వంకాయ తినేవాడు కాదు, బాటసారులను భోజనం చేశారా అని అడిగేవాడు. ఏ చర్చిలోనో, ఏ భాషలోనో, ఈ మూడు ముక్కల మనిషిని ఆవిడ దేవుడికి ఎలా పరిచయం చేసిందో నాకు తెలియదు. సిఫారసు ఉత్తరం అడగడం మాత్రం మరిచిపోయాను. ఇన్నేళ్ళ తరువాత ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే, వాడు చేసిన పనుల్లో నేను కాస్త గర్వపడగలిగింది ఆ మరుపొక్కటే.