రాజుగారి ఓడ కదిలితేనే ప్రయాణం

మస్కట్‌లో నేను వంట చేసిన ఇల్లు మత్రా కొండ వాలులో ఉండేది. డాబా ఎక్కి బట్టలు ఆరేస్తుంటే రేవులో రాజుగారి ఓడ తెల్లగా మెరుస్తూ కనబడేది. ఎండలు ముదిరాక ఓ పొద్దున అది జెండాలు కట్టుకుని వేసవి విడిదికి సలాలా బయల్దేరేది. మనం ఇక్కడ ఉడికిపోతుంటే అక్కడ చినుకులు పడతాయి.

ఆ ఇంటి పెద్దమ్మగారి పట్టింపు ఒకటే. ఓడ కదలనిదే ఇంట్లో ఎవరూ సలాలా ప్రయాణం కట్టకూడదు. ఆవిడ భర్త బతికున్నన్నాళ్ళూ ఆ ఓడలోనే ఇంజను పని చేశాడట. ఆయన ఓడలో వెళ్తే, ఈవిడ పిల్లలతో రోడ్డు మీద వెనకాలే వెళ్ళేది. ఆయన పోయినా అలవాటు పోలేదు. వాళ్ళు బయల్దేరితేగాని నాకు ఊరికి సెలవు లేదు.

ఆ ఏడు మా అమ్మాయికి నెలలు నిండుతున్నాయి. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. పుట్టిల్లంటే నేనే. నేనేమో ఇక్కడ, ఓడ కేసి చూస్తూ.

పక్కింటి డ్రైవరుది జగిత్యాల వైపు, నాకు తమ్ముడి వరస. ఓ పొద్దున కిందనుంచి కేకేశాడు.

"అక్కా! ఓడ పోతున్నది సూడు, జల్ది మీదికెక్కు!"

ఎక్కి చూస్తే నిజమే, కదులుతోంది. జెండాలు కట్టలేదన్న సంగతి ఆ సంబరంలో నాకు పట్టలేదు. "వచ్చేత్తన్నానే అమ్మా" అని అమ్మాయికి ఫోను చేసేశాను. పాలపొడి, ఖర్జూరాలు, సబ్బులు అట్టపెట్టెలో సర్ది నైలాను తాడుతో బిగించేశాను.

సాయంత్రానికి ఓడ తిరిగొచ్చి అదే చోట నిలబడింది. ఇంజన్లు సరిచూసుకోవడానికి వెళ్ళిందట.

"ఏందక్కా, నీ పెట్టె మర్శిపోయి మల్లొచ్చిందా?" అని నవ్వాడు డ్రైవరు.

"నీ నోట్లో ఉప్పు కొట్ట! కేకేసింది నువ్వు కాదంట్రా?"

నేనూ నవ్వాను గాని, వంటింట్లోకి వచ్చి పెట్టె మీదే కూలబడ్డాను. పెద్దమ్మగారు కర్ర ఊతంతో వచ్చి ఏమైందని అడిగారు. చెప్పాను. ఆవిడ కాసేపు ఆ తాడు ముడులనే చూశారు.

"మా అమ్మది సలాలా," అన్నారు, తన వచ్చీరాని హిందీలో. "తొలిచూలప్పుడు, ఓడ కదిలాక వెళ్దాంలే అని కూర్చున్నాను. బిడ్డ ఆగలేదు. అమ్మ పక్కన లేకుండానే కన్నాను."

వెంటనే కొడుకుని పిలిచి నాకు టిక్కెట్టు తీయమన్నారు.

"మరి వంట?" అన్నాను.

"నువ్వు రాకముందు మేం గాలి తిన్నామా? యల్లా, రూహీ! ఇక బయల్దేరు!" అంటూ కర్రతో నా పెట్టెను గుమ్మం వైపు నెట్టారు.

ఓడ నిజంగా బయల్దేరిన రోజున డ్రైవరు తమ్ముడు మా ఊరికి వీడియో కాల్ చేశాడు. ఈసారి జెండాలున్నాయి. "గిప్పుడు నిజంగ పోతున్నదక్కా!" అంటుండగానే పెద్దమ్మగారు ఫోను లాక్కున్నారు. ఓడ ఆవిడ వీపు వెనకాల ఉంది.

"అది ఏటా పోయేదే. ముందు పిల్లను చూపించు."

మనవరాలిని ఫోనుకి దగ్గరగా పట్టుకున్నాను. అటునుంచి ఓడ కూత వినబడింది. పిల్ల ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది.