గంగి చూపించిన దిడ్డివాకిలి

"పోదునా అమ్మా?" అని నా నాలుగేళ్ల కూతురు జ్వరంలో అడిగిన క్షణాన నాకు మొదటిసారి భయం వేసింది. అంతవరకు ఉన్నది ఆదుర్దా మాత్రమే. సాయంత్రం ఆరు కావస్తోంది. కరెంటు లేదు. పిండిన తడిగుడ్డ నా చేతిలోనే ఉండిపోయింది.

నేను దయ్యాలను నమ్మే మనిషిని కాను. తిరుపతిలో చరిత్ర ప్రధానంగా బి.ఏ. చదివాను. ఆధారం లేనిదేదీ నమ్మొద్దని మా మేడమ్ చెప్పిన మాట ఇప్పటికీ పట్టుకునే ఉన్నాను. అయినా మూడేళ్ల కిందట ఇది మా ఇంట్లో జరిగింది. పిల్లలు పడుకున్నాక, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మేముండేది పలమనేరులో. మా ఆయన పాలకేంద్రంలో గుమాస్తా. ఇంట్లో మా అత్త, బాబు కిట్టు, పాప. పాప గంగమ్మ జాతర వారంలో పుట్టింది. సర్టిఫికెట్లో స్వప్న అని రాయించినా అత్త గంగి అనే పిలిచింది. చివరికి అందరికీ గంగే అయింది.

పెళ్లికి ముందు నుంచీ నాకు ఒకటే ఆశ. చారిత్రక నవల రాయాలి, అది వారపత్రికలో సీరియల్‌గా రావాలి. రాజుల గురించి కాదు, కోటలో నీళ్లు మోసినవాళ్ల గురించి, తలుపులు మూసినవాళ్ల గురించి. అప్పటికి రెండు నవలలు తిరిగొచ్చాయి. రెండో దానితో వచ్చిన కార్డులో, ముగింపు మరీ మెత్తగా ఉందని రాశారు. ఆ మాట చాలా రోజులు నన్ను నిద్రపోనివ్వలేదు.

రాత్రిపూట నేను పాలకేంద్రం పాత కాగితాల వెనకవైపు రాస్తాను. నా రాత నాకే సరిగా అర్థం కాదు. మా ఆయన తెల్లవారుజామున లేచి, తెల్లకాగితాల మీద ఒకవైపు శుభ్రంగా ఎత్తిరాస్తారు. ఆదివారం మధ్యాహ్నం అత్త నానబెట్టిన అనపగింజల పొట్టు పితుకుతూ కూర్చుంటే, పైకి చదివి వినిపిస్తారు. ఆమెకు చదువు రాదు కానీ చెవి గట్టిది. పాళెగాడి విందులో నేను టమోటా పులుసు పెడితే, "ఆ కాలంలో టమోటా యాడిదమ్మే" అని విందు మొత్తం కొట్టేయించింది.

మూడో నవల ఒక పాళెగాడి కోట ముట్టడి గురించి. ఆ కోట మా ఊరికి ఇరవై మైళ్ల లోపే ఉంది. రాయడానికి ముందు రెండుసార్లు వెళ్లి చూశాను. లోపలికైనా బయటికైనా ఒకటే వాకిలి. కథలో శత్రువులు వస్తారు, తలుపు మూసేస్తారు. కాపలావాడు బయట, అతని చిన్నకూతురు లోపల. ఆ పాపకు ఆ కాలానికి సరిపోయే పేరు కావలసి వచ్చింది. ఎదురుగా మా పాప ఆడుకుంటోంది. ముద్దుకొద్దీ గంగి అని పెట్టేశాను.

చివరి అధ్యాయంలో ఆ పాప దాహంతో చనిపోతుంది. ముగింపు మెత్తగా ఉండకూడదు కదా.

అది చదివిన ఆదివారం అత్త పితకడం ఆపేసింది. "నీ కత నువ్వు రాసుకో, నేనొద్దన్ల్యా. బిడ్డ పేరన్నా మార్సమ్మే" అంది. మళ్లీ ఎత్తిరాయాలంటే తన చెయ్యి పడిపోతుందని మా ఆయన నవ్వారు. పడిపోతే ఇంకో చెయ్యి ఉంది గదరా అని అత్త ఆయన నోరు మూయించింది. ఒప్పుకోనిది నేనే. పేరు మారిస్తే ఆ పేజీల్లో ప్రాణం పోతుందనిపించింది.

సోమవారం గంగికి జ్వరం వచ్చింది. మంగళవారం డాక్టరు ఇంజెక్షన్ వేసి, తెల్లారేలోగా తగ్గకపోతే చిత్తూరు పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నాడు. నవల కవరు అంటించి బీరువా మీద పెట్టి ఉంది. బుధవారం పోస్టు చేయకపోతే వారపత్రిక నవలల పోటీ గడువు దాటిపోతుంది.

ఆ సాయంత్రం మా ఆయన జీపు మాట్లాడడానికి వెళ్లారు. గంగి కళ్లు తెరిచి, "పెద్ద తలుపు మూసేసినారు" అంది. ఆదివారాలు చదివింది విని ఉంటుంది, అందులో వింత లేదు. తర్వాత అన్న మాటలు మాత్రం ఏ అధ్యాయంలోనూ లేవు.

"గుర్రాలు కట్టే తావు ఎనకాల సిన్న వాకిలుండాదంట. వంగి పోవల్లంట. నీళ్లవ్వ రమ్మంటా ఉండాది. నువ్వు ఒప్పుకోలేదంట. పోదునా అమ్మా?"

నా నవలలో నీళ్లవ్వ లేదు. రెండో వాకిలీ లేదు.

పొమ్మంటే ఎక్కడికి పొమ్మన్నట్టు? వద్దంటే, తలుపులు మూసిన ఆ కోటలో పాప ఏమవుతుందో రాసింది నేనే. అత్తను కేకేశాను. ఆమె వేడినీళ్ల గిన్నెతో వచ్చి, అంతా విని, గిన్నె కింద పెట్టింది. "బిడ్డ నిన్నడగతా ఉండాది. నువ్వే సెప్పల్ల" అంది.

గంగి చెయ్యి పట్టుకున్నాను. "పో తల్లీ. వంగి మెల్లగా పో. బయట అమ్మ నిలబడి ఉండాది" అన్నాను.

సరే అని కళ్లు మూసుకుంది. మధ్యాహ్నం నుంచి చుక్క నీళ్లు ముట్టని పిల్ల, నేను గ్లాసు పెడితే రెండు గుక్కలు తాగింది.

కవరు చింపాను. కొవ్వొత్తి వెలుగులో గంగి పక్కనే కూర్చుని చివరి అధ్యాయం మళ్లీ మొదలుపెట్టాను. గుర్రపుశాల వెనక దిడ్డివాకిలి, వంగితే తప్ప పట్టనంత చిన్నది. నీళ్లవ్వ ముందు, పాప వెనక. మా ఆయన తిరిగొచ్చేసరికి నాలుగు పేజీలయ్యాయి. ఆయన పాప నుదురు తాకి చూశారు, నా కాగితాలు చూశారు. తెల్లకాగితాలు తెచ్చుకుని ఎత్తిరాయడానికి కూర్చున్నారు.

కోడి కూసేవేళకు గంగికి చెమట పట్టి జ్వరం దిగింది. ఇంజెక్షన్ పనిచేసింది. నేను అదే నమ్ముతాను.

శివరాత్రి వెళ్లాక నేనూ మా ఆయనా ఆ కోటకు పోయాం. గుర్రపుశాల మొండిగోడల వెనక కంపచెట్లు మనిషెత్తు పెరిగి ఉన్నాయి. మా ఆయన మచ్చుకత్తితో గంటసేపు కొట్టారు. సగం మట్టిలో పూడిపోయిన రాతి ద్వారబంధం బయటపడింది. ఆయన వంగి దూరి, కోట అవతలి నుంచి నన్ను పేరు పెట్టి పిలిచారు.

గంగి అప్పటికి ఆ కోట మొహం చూడలేదు. నేనే ముందు ఎప్పుడో చూసి మరిచిపోయి, నిద్రలో ఏమైనా అన్నానేమో. అలా సర్దిచెప్పుకుంటాను. మరి నీళ్లవ్వ సంగతి?

నవలకు బహుమతి రాలేదు. కార్డు వచ్చింది. అందులో ముగింపు గురించి ఏమీ లేదు.

జ్వరం దిగిన ఆ ఉదయం గంగి అత్త ఒళ్లో కూర్చుని గంజి తాగుతోంది. కథలో గంగి చచ్చిపోయిందా అని కిట్టు అడిగాడు. లేదు, బయటికి వచ్చేసిందని చెప్పాను. ఇకమీదట మీ పేరు కథలో పెట్టాలంటే ముందు మిమ్మల్ని అడుగుతానన్నాను. తన పేరు పాళెగాడి గుర్రానికి పెట్టమన్నాడు వాడు. సరేనన్నాను.

తర్వాత ఇద్దరినీ దగ్గరికి లాక్కుని ఇంకో మాట చెప్పాను. "ఎవురు పిలిచినా, ఎంత మంచిగా పిలిచినా, నిన్న గంగి అడిగినట్టే ముందు నన్నడగండి. నేను చెప్పినాకనే పోవల్ల."