మా పక్కింటి ఫ్రెంచి డాక్టరు

నిన్న వంటింట్లో ఎండిన కరివేపాకు పొట్లం విప్పగానే, ఆ పొడిపొడి చేదు వాసనలో అమెరికాలో, షాంటిలీలో మా పక్కింటి వెనకగది గుర్తొచ్చింది: పాత న్యూస్‌పేపర్ల మడతల్లో అణిచిపెట్టిన ఆకులు, వాటిమీద బరువుకు పేర్చిన లావుపాటి వైద్యగ్రంథాలు, కిటికీ పక్కన భూతద్దంతో డాక్టర్ అంకుల్.

ఆయన ఫ్రాన్స్‌లో ఓ పల్లెటూరి డాక్టరు. బతుకంతా ఇల్లిల్లూ తిరిగి వైద్యం చేస్తూ, దారిలో కనిపించిన ప్రతి మొక్కనూ పరిశీలించి దాచుకుంటూ గడిపి, భార్య పోయాక కూతురి దగ్గరికి వచ్చేశారు. అప్పుడు నేను మూడో తరగతి. అమ్మది డిపెండెంట్ వీసా. ఉద్యోగం చేయకూడదు, డ్రైవింగ్ రాదు, నాన్న ఆఫీస్‌కీ నేను స్కూల్‌కీ వెళ్లాక మాట్లాడటానికి మనిషి లేదు.

ఒక వేసవి పొద్దున డ్రైవ్‌వే అంచున మొలిచిన గంగవాయిలి కూర అమ్మ గిల్లుతుంటే, ఆయన వచ్చి పక్కనే చతికిలబడి, మా ఊళ్లోనూ దీన్ని తింటామని వచ్చీరాని ఇంగ్లిష్‌లో చెప్పారట. అమ్మదీ అలాంటి ఇంగ్లిషే. ఆ రోజు మా పప్పు వాళ్లింటికి వెళ్లింది. ఆపైన సెలవులన్నీ ఇళ్ల వెనక పచ్చికబయల్లోనే గడిచాయి: చెమటలు కారే ఉక్కపోత, చెవులు గింగురుమనేలా కీచురాళ్లు, బ్లాక్‌బెర్రీలు తిని ఊదారంగుకు తిరిగిన నా నాలుక, ఆయన లాటిన్‌లో ఒక పేరు చెబితే అమ్మ తెలుగులో ఇంకోటి చెప్పడం. పులిహోర పెడితే అందులో కరివేపాకును కూడా తుడిచి కాగితాల మధ్య దాచుకునేవారు.

నేను మిడిల్ స్కూల్‌కొచ్చేసరికి ఆయన చూపు పోయింది, ఆ వెనకే జ్ఞాపకమూ. వృద్ధుల హోమ్‌లో చేర్చారు. మండే జులైలో మేం చూడబోతే, అమ్మ చెయ్యి అందుకుని, నాడి మీద వేళ్లు ఆనించి, ఫ్రెంచిలో ఏదో మందలించారు. ఆయన కూతురు ఇంగ్లిష్‌లో చెబితే నేను అమ్మకు తెలుగులో చెప్పాను: ఇంత మంచులో నడిచి ఎందుకొచ్చావమ్మా, కబురు పెడితే నేనే వచ్చేవాణ్ణి కదా అంటున్నారని.

అమ్మ చెయ్యి కదపలేదు.

"మీరు రాలేరని నేనే వచ్చిన సారూ," అంది, తెలుగులోనే.

అర్థమైనట్టు తలూపి, నాడి చూడటం పూర్తయ్యేదాకా ఆయన వేళ్లు తియ్యలేదు. కార్‌లో అమ్మ ఇంటిదాకా ఏడుస్తూనే ఉంది.

చలికాలం రాకముందే ఆయన పోయారు. ఇల్లు అమ్మేశారు, ఆ ఎండుటాకులన్నీ ఏమయ్యాయో మాకు తెలీదు. పచ్చికబయలున్న చోట ఇప్పుడు కిటికీల్లేని డేటా సెంటర్, రాత్రింబవళ్లు ఒకటే రొద. అమ్మకిప్పుడు ఉద్యోగముంది, కారుంది, మాట్లాడటానికి మనుషులున్నారు. నేను వెళ్లినప్పుడల్లా సాయంత్రాలు ఆ గోడ వెంటే నడుస్తాం. నేలను వెతుక్కుంటూ నడిచే అలవాటు అమ్మకింకా పోలేదు. అక్కడ కంకర తప్ప ఏమీ లేదు.