పిన్ని పెంచిన బండోడు

మా పిన్ని సంచులు, సూట్‌కేసులు బాగుచేస్తుంది. పట్టీ తెగిన సంచి ఎవరైనా తెస్తే, తెగినచోటు ముందు చూడదు. తెగని పట్టీని మొదలుదగ్గర గట్టిగా లాగి, "ఇదీ పోయేదే" అంటుంది. లోపలివైపు తోలుముక్క వేసి కుడుతుంది. అది పైకి కనబడదు.

ఫోన్లో ఆడే ఆటలోనూ ఆమెది అదే పద్ధతి. బాబాయి సాయంత్రం బస్సు డ్యూటీ ఎక్కేముందు, భోజనాలయ్యాక, కొట్టు షట్టరు సగం దించి ఇద్దరూ ఎవరి ఫోన్లో వాళ్లు, జట్టుగా ఆడతారు. నేను మిషను దగ్గర దారాలు కత్తిరిస్తూ చూస్తుంటాను. ఆ ఆటలో ఎవరి మనిషిని వాళ్లు ఎంచుకుని, పెంచుకుని, రాక్షసుల కోటలు దాటాలి. చచ్చిన మనిషి మళ్లీ రాడు. మొదటినుంచి ఇంకొకణ్ణి పెంచుకోవాల్సిందే.

బాబాయి ఎప్పుడూ సన్నటి కత్తిపిల్లనే ఎంచుకుంటాడు. వచ్చిన పాయింట్లన్నీ కత్తికే పోస్తాడు. అది మెరుపులా దూకుతుంది, మెరుపులాగే పోతుంది. పిన్ని మాత్రం డాలు పట్టుకున్న లావుపాటి మనిషిని తీసుకుని బండోడని పేరు పెట్టింది. పాయింట్లన్నీ వాడి ప్రాణానికి, కవచానికి. ఏమైనా మిగిలితే కత్తికి.

"వీడు కొడితే దోమ కూడా చావదే!" అని వెక్కిరించేవాడు బాబాయి.

"మీ పిల్ల ఎన్నోసారి పుట్టిందో ముందు అది చెప్పండి."

అయితే పెంచే కొద్దీ పిన్నికి వాడిమీద మమకారం ఎక్కువైంది. పెద్ద పోరు వస్తే వాణ్ణి గోడవారన నిలబెట్టేసేది. "ఇంత పెంచి తన్నులు తినిపించనా?" అనేది.

కత్తిపిల్ల మొదటిసారి చివరి కోటదాకా వచ్చిన రోజు, బాబాయి విసుగ్గా అన్నాడు. "ఇదీ పోయిందంటే ఆట తీసి పారేస్తానే. ఈ టైములో ఓ కునుకు తీసినా నయం."

ఆయన డ్యూటీనుంచి వచ్చేసరికి పిన్ని నిద్రలో ఉంటుంది. ఆయన లేచేసరికి ఆమె కొట్లో ఉంటుంది. ఇద్దరూ పక్కపక్కన కూర్చునేది ఈ కాసేపే.

కోట వాకిట్లో గొడ్డలి పట్టుకున్న రాక్షసుడు. కత్తిపిల్ల ఎప్పటిలాగే ముందుకు దూకింది. రెండు దెబ్బలకే దాని ప్రాణం సన్నటి గీతంత మిగిలింది.

"అయిపోయిందే, అయిపోయింది!"

గోడవారన బండోడు. పిన్ని ఫోన్లోంచి తలెత్తి బాబాయి మొహంలోకి చూసింది. తర్వాత బండోడు కదిలాడు. తాపీగా నడుచుకుంటూ వెళ్లి ఇద్దరి మధ్యా డాలు అడ్డం పెట్టాడు.

"నువ్వెందుకొచ్చావే? వెళ్లు, వెనక్కి వెళ్లు!"

"మీరు కొట్టండి. కబుర్లు తర్వాత."

గొడ్డలి డాలుమీద పడ్డప్పుడల్లా పిన్ని భుజాలు ముడుచుకునేవి. చివరికి బండోడు కూలాడు. ఆ వెంటనే రాక్షసుడూ కూలాడు. కత్తిపిల్ల ఒక్కతే మిగిలింది.

గెలిచినా బాబాయి కూలిన బండోడివైపే చూశాడు. "ఇన్నాళ్లు పెంచావు కదే..."

"ఎన్ని దెబ్బలు కాశాడో చూశారా!" అంది పిన్ని, ముక్కు ఎగబీల్చి.

మర్నాడు బాబాయి అన్నం తింటూనే ఫోను తీశాడు. "నేనూ ఒక బండోణ్ణి పెంచనా?"

"ఇద్దరం డాళ్లు పట్టుకుని నిలబడితే రాక్షసుడు నవ్వలేక చస్తాడు. మీ పిల్లని గోడవారన ఉంచండి, నావాడు పెద్దయ్యేదాకా."

కొత్త బండోడు ఒక ఎలకను చంపడానికే ఆపసోపాలు పడుతున్నాడు. కత్తిపిల్ల గోడకానుకుని చూస్తోంది.

"ఒక్క దెబ్బ వేయనా?" అన్నాడు బాబాయి.

"ముట్టుకున్నారంటే ఊరుకోను!"