పలకని డిస్కు

ఈ ఉదయం కొత్త ల్యాప్‌టాప్‌లో పాత పని ఒకటి తెరిచాను. నల్లటి తెర మీద ‘బూట్ డిస్కు దొరకలేదు’ అని ఒక్క వాక్యం వచ్చి ఆగిపోయింది. ఫైలు పేరు మార్చడం మరిచిపోయాను, అంతే. అర నిమిషంలో సరిచేశాను. కానీ ఆ వాక్యం చూడగానే నా చెయ్యి దానంతటదే ఎడమ చెవి మీదికి వెళ్లింది. ఎనిమిదేళ్ల కిందట ఒక చలికాలంలో మూడు వారాలకు పైగా ఆ వాక్యాన్నే చూస్తూ గడిపాను, నాన్నను పక్కన పెట్టుకుని.

నా ఉద్యోగం ఏమిటో చెబితే బిలాస్‌పూర్‌లో స్థిరపడిన మా తెలుగు రైల్వే వాళ్లెవరూ నమ్మరు. లేని కంప్యూటర్‌కు లేని డిస్కు తగిలించడం నా పని. అసలు కంప్యూటర్ లోపల ఒక ప్రోగ్రాం ఇంకో కంప్యూటర్‌లా నటిస్తుంది. ఆ నటించే మెషిన్‌కు స్విచ్ వేయగానే అన్నిటికంటే ముందు నిద్రలేచేది ఫర్మ్‌వేర్ అనే చిన్న ప్రోగ్రాం. అది లేచి డిస్కును వెతుక్కోవాలి. ఆ డిస్కూ నటనే, నిజానికి అదొక ఫైలు. ఫర్మ్‌వేర్ దాన్ని పలకరించాలి, నీకేం వచ్చు నాకేం వచ్చు అని రెండూ ఒక ఒప్పందానికి రావాలి, మెమరీలో చోటు చూపించి ‘నేను అడిగేవి ఇక్కడ పెడతాను, నీ జవాబులు అక్కడ పెట్టు’ అనుకోవాలి. అప్పటిదాకా ఒక్క అక్షరం చదవడానికి వీల్లేదు. ఆ చలికాలంలో ఈ మర్యాదలన్నీ ఫర్మ్‌వేర్‌కు నేర్పడానికి నాకు నెల గడువిచ్చారు. ఇరవై రోజులు గడిచినా డిస్కు పలకలేదు. ఆ మెషిన్‌ను రోజుకు వందసార్లు చంపి వందసార్లు లేపేవాణ్ణి. దానికి దెబ్బ తగలదు, అదొక్కటే సుఖం.

దెబ్బల సంగతి మా ఇంట్లో నాన్న చూసుకునేవాడు. యార్డులో ఆగిన బండి చక్రాలను సుత్తితో కొట్టి, మోత విని, పగులుందో లేదో చెప్పడం ఆయన డ్యూటీ. ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. రేడియోను కొట్టేవాడు, గ్యాస్ సిలిండర్‌ను కొట్టేవాడు, పుచ్చకాయల బండివాడి దగ్గర పది కాయలు కొట్టి ఒకటీ కొనేవాడు కాదు. పెళ్లిచూపులకు వచ్చిన మా బావ వీపు మీద కూడా ఒకటి చరిచి, గట్టివాడే అని తేల్చాడు. ఇవన్నీ చెప్పుకుని నవ్వుకుంటాం. అమ్మ చెంప మీద ఐదు వేళ్లూ తేలిన రోజుల గురించి, బెల్టు బకిల్ తగిలి నా భుజం చీరుకున్న రోజు గురించి ఎవరం చెప్పుకోం.

నాకు పన్నెండేళ్లప్పుడు పని నేర్పుతానని యార్డుకు తీసుకెళ్లాడు. రెండు చక్రాలను కొట్టాడు. బాగున్న చక్రం ఖంగుమంటుంది, పగిలినది చచ్చు చప్పుడు చేస్తుంది. మూడోదాన్ని కొట్టి, “ఏటి ఇనబడిందిరా?” అన్నాడు.

“బాగానే ఉంది నాన్నా.”

అది పగిలిన చక్రం. సుత్తి కుడి చేతి నుంచి ఎడమ చేతికి మార్చుకోవడం చూశాను, తరువాత కంకర మీద పడి ఉన్నాను. ఎడమ చెవిలోంచి కాలర్ మీదికి నెత్తురు కారింది. “రైల్ల జనం చస్తార్రా నీవల్ల” అని పడి ఉన్నవాణ్ణి మళ్లీ తన్నాడు. ఇంటికెళ్లాక అమ్మ చెవిలో దూది పెట్టి, తలకు గుడ్డ కట్టి, పంటి నొప్పి అని ఇరుగుపొరుగుకు చెప్పింది.

ఆ చెవి మళ్లీ వినలేదు. పరీక్ష రాసి రైల్వే ఉద్యోగానికి ఎంపికైనప్పుడు మెడికల్‌లో ఆ చెవి దగ్గరే నన్ను ఆపేశారు. అమ్మ వణికిపోయింది. “కళ్లని సెప్పు నాయనా. సెవి అంటే తనని తప్పుబట్టినామని ఇద్దర్నీ సంపేస్తాడు” అంది. కళ్లనే చెప్పాను. ఆ రోజు నుంచి నాన్న నోట్లో మా అమ్మ పుట్టింటి వాళ్లందరూ గుడ్డివాళ్లయ్యారు. అన్నంలో రాయి వస్తే గుడ్డి కళ్లు, గ్లాసు పగిలితే గుడ్డి కళ్లు. పద్దెనిమిదేళ్లు ఆ మాటలూ, వాటితోపాటు దెబ్బలూ తిని అమ్మ పోయింది.

ఆ చలికాలానికి నాన్న రిటైరై చాలా కాలమైంది. బిలాస్‌పూర్‌లోనే లింగియాడీహ్ అనే పేటలో మా ఇంట్లో, పొద్దుటి ఎండ పడే కిటికీ నా ఎడమ పక్కన ఉండేది. అక్కడే కుర్చీ వేసుకుని నా పని చూసేవాడు. ఇరవై ఒకటో రోజున అడిగాడు. “ఇంకా దొరకనేదేట్రా?”

“లేదు. పిలుస్తున్నాను, జవాబు లేదు.”

“అచ్ఛా. అది పలకట్నేదా, నువ్వు ఇనట్నేదా? ముందు అది తేల్చు.” అంతటితో ఆగి ఉంటే బాగుండేది. “కళ్లు ఎలాగూ మీ అమ్మోళ్లవి. సెవులైనా ఉండాల కదా” అన్నాడు.

నా ఒళ్లు మండిపోయింది. “నా కళ్లు బాగానే ఉన్నాయి. మెడికల్‌లో పోయింది చెవి. యార్డులో నువ్వు పగలగొట్టిన చెవి. నీకు భయపడి అమ్మ అబద్ధం చెప్పించింది. ఆ అబద్ధానికి చచ్చేదాకా దెబ్బలు తింది.”

ఆయన లేచి చెయ్యెత్తాడు. డెబ్బై దాటిన చెయ్యి. నేను పట్టుకున్నాను. ఆపడానికే పట్టుకున్నానని మా ఆవిడతో చెప్పాను గానీ అది నిజం కాదు. విరగాలనే తిప్పాను. మణికట్టు పుటుక్కుమంది, నాన్న గోడకు కొట్టుకుని కిందికి జారాడు. అప్పటికీ వదలకుండా ఇంకాస్త తిప్పాను. వంటింట్లోంచి మా ఆవిడ పరిగెత్తుకొచ్చి నా జుట్టు పట్టి లాగితే గానీ వదల్లేదు. ఆసుపత్రిలో డాక్టర్ అడిగితే, నా మొహం చూడకుండానే “బాత్‌రూంలో జారి పడ్డాను” అని హిందీలో చెప్పాడు నాన్న. సిగ్గుతో చచ్చిపోయాను. కానీ లోపల ఎక్కడో సంతోషం కూడా ఉంది, అదీ చెప్పాలి.

మర్నాటి నుంచే కట్టు కట్టిన చేత్తో వచ్చి అదే కుర్చీలో కూర్చునేవాడు. మూడో రోజున, ఆయన మాట ప్రకారమే, ముందు అది పలుకుతోందో లేదో చూద్దామని మెమరీ అంతా పేజీ పేజీ వెతికాను. జవాబులు ఉన్నాయి. డిస్కు మొదటి నుంచీ పలుకుతూనే ఉంది. దాని నియమం ప్రకారం తరువాతి పేజీ మొదట్లో పెడుతోంది, నేనేమో అడిగినవాటి కిందనే వెతుకుతున్నాను. లెక్క దిద్దగానే నటించే మెషిన్ నటించే డిస్కును చదువుకుంటూ లేచింది.

“దొరికింది” అన్నాను.

నాన్న తెర వైపు చూడలేదు. “ఏ సెవిరా?” అన్నాడు.

“ఎడమది.”

లేచి, బాగున్న చేత్తో కుర్చీని ఈడ్చుకుంటూ నా వెనకనుంచి తిరిగి కుడి పక్కకు వచ్చాడు. అక్కడ ఎండ పడదు. ఆ తరువాత బతికిన నాలుగేళ్లూ అక్కడే కూర్చున్నాడు. తప్పయిందని ఒక్కసారీ అనలేదు, నేనూ అనలేదు. యార్డులో ఆ దెబ్బకు పట్టింది రెప్పపాటు. కొట్టిన మనిషికి అది వినపడటానికి ముప్పై ఏళ్లు పట్టింది, అప్పటికి అమ్మ లేదు.