ఊరూరు తిరిగిన మగబల్లి

2006 వేసవి. పశువైద్యుడిగా నేను మదనపల్లెకు వచ్చి అప్పటికి మూడేళ్లు. అంతకుముందు తొంభైల్లో పుంగనూరు, సోమల, సదుం పల్లెల్లో ఆవులకూ గొర్రెలకూ టీకాలు వేస్తూ తిరిగాను. గాలికుంటు జబ్బు ఒక మందలోంచి ఇంకో మందలోకి ఎలా నడిచి వెళ్తుందో కళ్లారా చూసినవాణ్ణి. అలాంటి నన్ను ఒక మీటింగులో పై అధికారి అందరి ముందూ నిలబెట్టి, "ఈయనకు ఆవులు చాలడం లేదంట, బల్లులకు గూడా వైద్యం చేస్తాండాడు" అన్నాడు. హాలంతా నవ్వింది. ఎవరెవరు నవ్వారో, ఎవరు ఏ వరుసలో కూర్చున్నారో ఇప్పటికీ చెప్పగలను. ఆ బల్లుల సంగతే ఇది.

మదనపల్లె బస్టాండు వెనక రెడ్డెప్పకు అక్వేరియం కొట్టు ఉండేది. రంగుచేపలు, లవ్‌బర్డ్స్ అమ్మేవాడు. బెంగళూరులో ఎవరో పెంపుడు బల్లులు కొంటున్నారని విని, లెపర్డ్ గెకో అనే విదేశీ జాతి బల్లుల్ని తెచ్చాడు. పసుపు ఒళ్లు, నల్ల మచ్చలు, లావాటి తోక. గోడలెక్కవు, నేలమీదే తిరుగుతాయి. ఒంటెకు మూపురం ఎలాగో వీటికి తోక అలాగ. తిన్న బలమంతా అక్కడే దాచుకుంటాయి. తోక చిక్కిందంటే జబ్బు చేసినట్టే.

రెడ్డెప్ప వీటిని మన గొర్రెల పద్ధతిలో పెంచాడు. మా వైపు గొర్రెల్ని సగంపాలుకు ఇవ్వడం ఉంది. జీవాలు ఒకరివి, మేపేది ఇంకొకరు, పుట్టిన పిల్లల్లో చెరి సగం. అలాగే ఆడబల్లుల్ని కొన్ని తన కొట్లో ఉంచుకుని, కొన్ని పుంగనూరులో బట్టల కొట్టు చంద్రప్పకూ, కొన్ని రామకుప్పం దగ్గర పల్లెలో ఉన్న తన చెల్లెలు మునిలక్ష్మికీ ఇచ్చాడు. మగది ఒక్కటే. దాని పేరు రాజా. ఊరి మందలన్నిటికీ ఒకే పొట్టేలును తిప్పినట్టు, ఆ రాజాను చిల్లులు పొడిచిన ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి బస్సు కండక్టరు చేతికిచ్చి ఊళ్లు తిప్పేవాడు. మునిలక్ష్మి బల్లులు ఇంకా ఈడుకు రాలేదు కాబట్టి అక్కడికి మాత్రం ఇంకా పంపలేదు.

మొదట నా దగ్గరికి వచ్చింది కొట్లోని ఆడబల్లి. తోక పుల్లలా ఉంది. తిన్న పురుగు అరగకుండానే బయటికి వస్తోంది. నీరసం తగ్గడానికి నోట్లో ఎలక్ట్రోలైట్ చుక్కలు వేసి, రెట్టను పరీక్షకు తీసుకున్నాను. మర్నాడు అది చచ్చిపోయింది. వారం తిరక్కుండా ఊళ్లో మాట: "ఆ డాక్టరు సూది ఏసినాడు, బల్లి సచ్చింది." నేను సూది వేయనే లేదు! కొట్టుకు వెళ్లి అడిగాను.

"రెడ్డెప్పా, నేను సూది వేసింది ఎప్పుడప్పా?"

"ఏదో ఒగటి ఏసినారు గదా సారూ. సుక్కలైతేనేమి, సూదైతేనేమి."



నా అనుమానం క్రిప్టో మీద. పూర్తి పేరు క్రిప్టోస్పొరీడియం. పేగుల్లో బతికే ఏకకణ జీవి. దాని గుడ్లలాంటివి రెట్టలో పడతాయి. చేతులకూ, నీళ్ల గిన్నెలకూ, పురుగుల్ని అందించే పట్టకారుకూ అంటుకుని పక్క పెట్టెలోకి చేరతాయి. బ్లీచింగ్ పౌడరుకు చావవు. బల్లుల్లో దీనికి నమ్మదగిన మందు లేదు. ఉన్నదల్లా రాకుండా చూసుకోవడమే. దాన్ని కనిపెట్టడానికి వేసే రంగు, టి.బి. కఫానికి వేసే రంగు లాంటిదే. పాతకాలం నుంచీ టి.బి. శానిటోరియం ఉన్న మా ఊళ్లో ఆ రంగుకు కరువు లేదు. స్లైడు తీసుకుని ఒక ల్యాబుకు వెళ్తే టెక్నీషియన్ పైకీ కిందికీ చూశాడు.

"ఎవరి కఫం సార్ ఇది?"

"కఫం కాదు, బల్లి రెట్ట."

"బల్లికి టి.బి.నా? దగ్గుతాండాదా సార్?"

లోపల ఇంకో ఇద్దరు నవ్వారు. రంగు వేశాక మైక్రోస్కోపు కింద గులాబీ చుక్కలు, అంటే క్రిప్టో, కనబడ్డాయి. అప్పుడెవరూ నవ్వలేదు. క్షమించమనీ అనలేదు.

రెడ్డెప్పను కూర్చోబెట్టి చెప్పాను. ప్రతి పెట్టెకూ వేరే పట్టకారు, వేరే గిన్నె ఉండాలి. గిన్నెల్ని సలసలా మరిగే నీళ్లలో వేయాలి. బాగున్నవాటికి ముందు మేత పెట్టి, జబ్బువాటి దగ్గరికి చివర వెళ్లాలి. ఒక పెట్టెలో తినకుండా మిగిలిన పురుగును తీసి ఇంకో పెట్టెలో వేయకూడదు. ఆ పురుగు రెట్ట తిని జబ్బును మోసుకెళ్తుంది. అన్నిటికంటే ముఖ్యం, రాజా ఎక్కడికీ కదలకూడదు. దాన్ని క్వారంటైన్‌లో, అంటే విడిగా, పెట్టాలి.

"రాజానా?" రెడ్డెప్ప పెద్దగా నవ్వాడు. "దాని తోక సూడండి సారూ, అరిటిపండు మాదిరి ఉండాది. జబ్బు సేసిన మొగోడు అట్లుంటాడా?"

"లోపల జబ్బు ఉండి పైకి కనబడకపోవచ్చప్పా. అలాంటివాటిని క్యారియర్ అంటారు. తాము బాగుండి, పోయిన ప్రతిచోటా అంటిస్తాయి."

"సారూ, మీరు సదువుకున్నోళ్లు. కాదనను. కానీ మిగిలిన పురుగును పారేస్తే పాపం గదా?"

రాజా రెట్టను రెండుసార్లు పరీక్షించాను. ఏమీ కనబడలేదు. క్రిప్టో రోజూ రెట్టలో పడదు, మళ్లీ మళ్లీ చూడాలి అని చెప్పినా వినేవారెవరు? రెడ్డెప్ప టీ బంకులో నిలబడి, "మా రాజా రెండుతూర్లు పాసైనాడు, డాక్టరే ఫెయిలు" అని ప్రచారం చేశాడు. ఆ టీ బంకులో నేను మళ్లీ టీ తాగలేదు.

ఇంతలో పుంగనూరులో చంద్రప్ప బల్లులు ఒకటొకటే తోకలు చిక్కి చచ్చాయి. రాజా అక్కడికి వెళ్లొచ్చిన తర్వాతే. చంద్రప్ప చెప్పిన కారణం వేరు: "కొట్టుకు వొచ్చే ఆడోళ్ల దిష్టి సార్." మూడోసారి తీసిన రాజా రెట్టలో గులాబీ చుక్కలు స్పష్టంగా కనబడ్డాయి. మదనపల్లె, పుంగనూరు రెండూ పోయినట్టే. శుభ్రంగా మిగిలినవి మునిలక్ష్మి దగ్గరున్న ఆడబల్లులు మాత్రమే. ఆ ఏడాది ఏనుగులు పడి ఆమె రాగిచేను తొక్కేశాయి. పట్టుపురుగుల షెడ్డులో ఒక మూల ఈ బల్లుల్ని పెట్టుకుని, వాటి పిల్లల మీదే ఆశ పెట్టుకుందని రెడ్డెప్పే నాకు చెప్పాడు. అవీ పోతే ఆమెకు మిగిలేది ఖాళీ షెడ్డే.

స్లైడు చూసిన పొద్దునే నేరుగా కొట్టుకు వెళ్లాను. రాజా పెట్టె ఖాళీగా ఉంది.

"యాడికి పంపినావు?"

"సెల్లెలి కాడికి సారూ. మొదటి బస్సులో. ఆడివి ఎదకొచ్చినాయంట, ఎట్ల ఆపేది?"

"నేను వద్దని చెప్పలేదా?"

"సెప్పినారు. మీరు అన్నిటికీ వొద్దనే సెప్తారు గదా."

మునిలక్ష్మి ఇంట్లో ఫోను లేదు. ఆసుపత్రిలో సెలవు చీటీ పడేసి బస్సెక్కాను. పుంగనూరు, పలమనేరు, వి.కోట దాటి రామకుప్పం. దారంతా నా కళ్లముందు ఒకటే: ఆమె ఆ డబ్బా మూత తీసి, మంచివాటి మధ్యలోకి దాన్ని వదలడం. నాలుగుసార్లు చెప్పాను, ఒక్కడూ వినలేదు అని బస్సులో పైకే అనుకుంటుంటే, పక్కనున్న పెద్దాయన లేచి వేరే సీట్లోకి వెళ్లిపోయాడు.

నేను వెళ్లేసరికి మునిలక్ష్మి పట్టుపురుగులకు రేషం ఆకు తరుగుతోంది. రాజా డబ్బా షెడ్డు బయట, వేపచెట్టు కింద, బోర్లించిన తట్ట కింద ఉంది.

"లోపల కలిపినావామ్మా?"

"లేదు సార్, యాల? ఏమైంది?"

అక్కడే అరుగుమీద కూర్చున్నాను. నీళ్లిచ్చింది.

"డాక్టరు వద్దన్నాడని మీ అన్న చెప్పాడా?"

"అన్న ఏమీ సెప్పలే. ఈ పొద్దు మంగళారం గదా సార్! మంగళారం పూట కొత్త జీవాన్ని మందలో కలుపుతారా ఎవరైనా? బుధారం పొద్దున్నే కలుపుదామని బయట పెట్టినా."

"దానికి మేత పెట్టినావా?"

"ఇంకా లేదు. నేను తాకనే లేదు. మంగళారం."

నా పదిహేనేళ్ల చదువూ సర్వీసూ చేయలేని పని మంగళవారం చేసింది. మైక్రోస్కోపు, స్లైడు, గులాబీ చుక్కలు, నేను గొంతు చించుకుని చెప్పిన మాటలు ఎవరికీ పట్టలేదు. వారం పేరు పట్టింది. ఆ పూట నాకు కలిగింది సంతోషం కాదు, మంట. అయినా ఆమె బల్లుల తోకలు చూశాను. లావుగా, గుండ్రంగా ఉన్నాయి. అప్పుడు కొంచెం ఊపిరి ఆడింది.

జబ్బు సంగతి విడమరిచి చెప్తే ఆమె మొహం పాలిపోయింది. "ఇంత తెలిసి మా యన్న దాన్ని నా ఇంటికి పంపినాడా?" అని కొడవలి పక్కన పెట్టింది. తట్టను అక్కడే తగలబెట్టింది. రాజాను నా సంచిలో వేసుకుని తిరుగు బస్సెక్కాను.

దాన్ని మా ఇంటి వెనక గదిలో ఒంటరిగా ఉంచాను. ఏడాది తిరిగేలోపు అరటిపండు లాంటి ఆ తోక పుల్లయింది. రెడ్డెప్పను పిలిచి చూపించాను. పెట్టెలోకి వంగి చూసి, "వొయసైపోయింది సారూ, పాపం" అన్నాడు. మునిలక్ష్మి మాత్రం వేరే చోటునుంచి మగదాన్ని తెచ్చుకుంది. దాని పిల్లలు ఆమె షెడ్డు మూలలో చాలాకాలం బతికాయి. రెడ్డెప్ప అందరికీ చెప్పుకునేది ఒకటే: "మా సెల్లెల్ని మంగళారం కాపాడింది." నేను ఎక్కిన బస్సు సంగతి ఆ కథలో రాదు.

ఆ మంగళవారం నేను అక్కడికి వెళ్లకపోయుంటే బుధవారం పొద్దున ఏమయ్యేది? ఈ ప్రశ్న ఎవరూ వేయరు. నేనే వేసుకుంటాను.

ఆ కేసు తర్వాత క్వారంటైన్ అనే మాట వాడటం మానేశాను. కుక్కయినా, కోడయినా, ఆవయినా, బల్లయినా, కొత్తగా తెచ్చామని ఎవరొచ్చినా ఒకటే చెప్తాను: "కొత్త జీవానికి మైల ఉంటుంది. మూడు అమావాస్యలు పోయేదాకా పాతవాటితో కలపగూడదు. దాని గిన్నె వేరు, దాన్ని ముట్టుకున్న చెయ్యి వేరు." క్వారంటైన్ అంటే నవ్విన ఊళ్లే ఇవి. మైల అంటే ఒక్కరూ నవ్వలేదు, ఎందుకని అడగలేదు, తుచ తప్పకుండా పాటించారు. జబ్బులు ఆగాయి. నా కోపం ఆగలేదు.